డర్బన్ పేరు మోసే గంజాయి

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కాలిఫోర్నియా, కొలరాడో మొదలైన చోట్ల ప్రభుత్వ లైసెన్సు ఉన్న దుకాణాలలో గంజాయిని గాజు సీసాలలో పెట్టి అమ్ముతున్నారు. మామిడిలో బంగినపల్లి, రసాలు, సువర్ణరేఖ అని రకాలున్నట్లే దానిలోనూ వందల రకాలున్నాయి. ప్రతి రకానికీ ఒక పేరున్నది. ఆ పేర్లలో పాతదీ, చాలామందికి తెలిసినదీ 'డర్బన్ పాయిజన్'. పాయిజన్ అంటే విషం. డర్బన్ అంటే ఏమిటో ఈ పత్రిక చదివేవారికి చెప్పనక్కరలేదు. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి 'ట్రూరో' ఓడ వచ్చి ఆగిన రేవు అది. 1911 వరకు ఆ రేవున దిగిన 1,52,000 మంది పైచిలుకు గిరిమిట్ కూలీలలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు ఉన్నారు. వారి మనుమలమూ మునిమనుమలమూ మనము.

ఈ పేరు మన సభలలో ఎప్పుడైనా ప్రస్తావనకు వస్తే రెండు మాటలు వినబడుతున్నాయి. యువకులు కొందరు గర్వంగా "ఆ విత్తనం మన తాతలు మూటలో కట్టుకొని తెచ్చినదే, ఈనాడు అమెరికావారు కోట్లు గడిస్తున్నది మన సొత్తుతోనే" అంటారు. పెద్దలు కొందరు ముఖం చిట్లించి "పిల్లల ముందు ఆ మాట ఎత్తవద్దు, మన పరువు పోతుంది" అంటారు. గర్వపడేవారిదీ, సిగ్గుపడేవారిదీ ఇద్దరిదీ పొరపాటే అని మా అభిప్రాయం. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారము కనుక పిల్లలు అడిగే ప్రశ్నకు సరియైన జవాబు ఇవ్వవలసిన బాధ్యత మాపై ఉన్నది. అందుచేత ఈ మొక్క ఎటువంటిది, అమెరికాకు ఎట్లు చేరినది, దానికీ మన పూర్వీకులకూ నిజమైన సంబంధం ఏమిటి అన్న మూడు సంగతులను వరుసగా చెప్పదలచినాము.

వాసన, గుణం

మొదట వాసన సంగతి. సీసా మూత తీయగానే సోంపు వాసన వంటి తియ్యని ఘాటు తగులుతుందని దీనిని ఎరిగినవారు చెబుతారు. దాని వెనుక పైన్ చెక్క వాసన, తడి మట్టి వాసన కొద్దిగా కలిసి ఉంటాయట. సోంపుకు ఆ వాసన ఇచ్చే పదార్థం వేరు. ఈ మొక్కలో ముఖ్యంగా ఉన్నది టెర్పినోలీన్ అనే సుగంధ తైలం. గంజాయి రకాలలో ఎక్కువ భాగం మిర్సీన్ అనే తైలమో, మిరియాలలో ఉండే కారియోఫిలీన్ అనే తైలమో ప్రధానంగా గలవి. టెర్పినోలీన్ ప్రధానమైనవి తక్కువ. అందుచేతనే డర్బన్ రకాన్ని ముక్కుతోనే గుర్తుపట్టగలరు.

ఇక ప్రభావం. మత్తు కలిగించే ముఖ్య పదార్థాన్ని టీ.హెచ్.సీ. అంటారు. ఈ రకపు సీసాల మీద సాధారణంగా 15 నుండి 25 శాతం అని ముద్రిస్తారు. వాడేవారు దీనిని 'పగటి రకం' అని పిలుస్తారు. అంటే నిద్ర తెప్పించకుండా మెలకువను, మాటకారితనాన్ని ఇస్తుందని వారి అనుభవం. మోతాదు మించితే గుండె దడ, కంగారు, లేనిపోని అనుమానాలు కలుగుతాయన్నది కూడా వారే చెప్పే మాట. దక్షిణ ఆఫ్రికా రకాలలో టీ.హెచ్.సీ.వీ. అనే మరొక పదార్థం కూడా కనిపిస్తుంది. అది టీ.హెచ్.సీ.కి తమ్ముని వంటిది. రెండింటి నిర్మాణం ఒకటే, కాని దీని తోకలో రెండు కర్బన పరమాణువులు తక్కువ. తక్కువ మోతాదులో ఇది అన్నగారి పనికి అడ్డు తగులుతుంది. దుకాణపు సరుకులో మాత్రం ఇది సాధారణంగా కొద్దిగానే ఉంటుంది.

సీసా మీది పేరును పూర్తిగా నమ్మరాదు. 2022లో అమెరికాలోని ఆరు రాష్ట్రాల నుండి సుమారు 90,000 నమూనాల రసాయన ఫలితాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, 'ఇండికా', 'సటైవా' అనే దుకాణపు గుర్తులకూ లోపలి రసాయనాలకూ పొంతన చాలా తక్కువ అని తేల్చినారు. ఆ రెండు మాటలు వృక్షశాస్త్రం నుండి వచ్చినవి. 1753లో లినేయస్ ఈ మొక్కకు 'కన్నాబిస్ సటైవా' అని పేరు పెట్టినాడు. 1785లో లామార్క్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు భారతదేశం నుండి వచ్చిన మొక్కను చూచి 'కన్నాబిస్ ఇండికా' అన్నాడు. ఈనాటి దుకాణదారుడు ఆ మాటలను నిద్ర, మెలకువ అనే అర్థంలో వాడుతున్నాడు. లామార్క్ చూచిన భారతదేశపు మొక్క సన్నని ఆకులతో పొడవుగా పెరిగేది. ఈనాటి లెక్కలో అయితే దానిని 'సటైవా' అనే అంటారు! పేర్లు ఎట్లు తారుమారు అవుతాయో దీనివలన తెలుస్తుంది.

పెరిగే తీరు

డర్బన్ రకం పొడవుగా, కణుపుల మధ్య ఎడంగా పెరుగుతుంది. ఆకు వేళ్ళు సన్నగా ఉంటాయి. పూగుత్తుల మీద బంక గ్రంథులు పెద్దవిగా ఉంటాయి. తేమను, బూజును చాలా రకాల కంటే బాగా తట్టుకుంటుంది. వీటన్నిటి కంటే అమెరికా పెంపకందారులను ఆకర్షించిన గుణం మరొకటి ఉన్నది. పూత మొదలైన 8 లేక 9 వారాలలో ఇది కోతకు వస్తుంది.

దీనికి కారణం భూగోళ పాఠంలో ఉన్నది. గంజాయి మొక్క పగటి పొడవును బట్టి పూస్తుంది. రాత్రులు పెరగడం మొదలైనప్పుడు అది పూతకు దిగుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కొలంబియా, థాయిలాండ్ వంటి దేశాలలో చలికాలపు భయం లేదు. కాబట్టి అక్కడి రకాలు తొందరపడవు, పూత పండడానికి 12 వారాలు, అంతకు మించి కూడా తీసుకుంటాయి. డర్బన్ నగరం దక్షిణాన సుమారు 30 డిగ్రీల వద్ద ఉన్నది. దాని వెనుక ఉన్న కొండసీమలలో మంచు పడే లోపల పంట ముగియవలెను. ఆలస్యంగా పండే మొక్క విత్తనం ఇవ్వకుండానే చనిపోతుంది, త్వరగా పండే మొక్క విత్తనాన్ని రైతు మరుసటి ఏటికి దాచుకుంటాడు. ఈ విధంగా కొన్ని వందల ఏళ్ళు జరిగితే త్వరగా పండే జాతి నిలుస్తుంది. ఇది ఏ ప్రయోగశాలలోనూ జరిగిన పని కాదు. కొండ చలి, రైతు చేయి కలిసి చేసిన పని.

ఉత్తర కాలిఫోర్నియాలో హంబోల్ట్, మెండొసినో, ట్రినిటీ అనే మూడు జిల్లాలు గంజాయి పంటకు ప్రసిద్ధి. అవి ఉత్తరాన 40 డిగ్రీలకు అటూ ఇటూగా ఉన్నాయి. అక్కడ అక్టోబరు దాటితే వానలు పడి పూగుత్తులు కుళ్ళిపోతాయి. కొలంబియా విత్తనం వేసినవారికి పంట చేతికి రాకముందే వాన వచ్చేది. సెప్టెంబరు చివరికి, అక్టోబరు మొదటికి పండే డర్బన్ విత్తనం వారికి ఎంత విలువైనదో ఇప్పుడు అర్థమవుతుంది.

అమెరికాకు చేరిన వైనం

పెంపకందారులు చెప్పుకొనే కథ ఈ విధంగా ఉన్నది. 1970 తరువాతి పదేళ్ళలో ఎడ్ రోసెంతాల్ అనే అమెరికా పెంపకందారుడు దక్షిణ ఆఫ్రికా విత్తనాలు సంపాదించి, వాటిలో త్వరగా పండేవాటిని ఏరినాడు. తరువాత మెల్ ఫ్రాంక్ అనే కలం పేరు గల మరొకతనికి ఇచ్చినాడు. ఆయన బంక ఎక్కువగా, పూత కాలం తక్కువగా ఉండేటట్లు ఆ జాతిని మరికొంత మార్చినాడు. వీరిద్దరూ కలిసి గంజాయి పెంపకం మీద రాసిన పుస్తకం 1974లో మొదట వెలువడి, 1978లో పెద్దదై మళ్ళీ అచ్చయినది. మెల్ ఫ్రాంక్ వద్ద నుండి ఒక పాయ అమెరికాలో నిలిచినది. మరొక పాయ 'సామ్ ది స్కంక్‌మ్యాన్' అని పిలువబడే అతని ద్వారా 1980 తరువాత నెదర్లాండ్స్ చేరి విత్తన వ్యాపారుల జాబితాలకు ఎక్కినది.

ఆ రోజులలోనే కాలిఫోర్నియావారు 'సిన్సెమియా' అనే పద్ధతిని వ్యాపింపజేసినారు. ఆ స్పానిష్ మాటకు 'విత్తనం లేనిది' అని అర్థం. పోతు మొక్కలను పూయకముందే పీకివేస్తే ఆడ మొక్కలు విత్తనం పట్టక బంకనే ఎక్కువగా ఊరుస్తాయి. దీనిని కొందరు అమెరికావారి కొత్త విద్య అనుకుంటారు. నిజానికి 1893–94లో భారత ప్రభుత్వం నియమించిన గంజాయి విచారణ కమిషన్ వారు బెంగాలులోని నవగాంవ్ పొలాలలో ఇదే పనిని చూచి వివరంగా రాసినారు. పోతు మొక్కలను చూపుతోనే గుర్తుపట్టి పీకడానికి అక్కడ ప్రత్యేకమైన పనివాడు ఉండేవాడు. రైతులు అతనికి కూలి ఇచ్చి పిలిపించుకొనేవారు. మన తెలుగు నేల మీద కూడా ఆ కాలంలో అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలో గంజాయి పంట ఉండేది.

విత్తనం ఎవరిది?

ఇప్పుడు మన యువకుల గర్వపు మాటకు వస్తాము. ఆ విత్తనం మన తాతలు తెచ్చినదేనా?

కాదు. గంజాయి పుట్టిల్లు ఆసియా అన్నది నిజమే. హిందూ మహాసముద్రం మీదుగా అది ఆఫ్రికాకు పోయినదీ నిజమే. స్వాహిలీ భాషలో దానికి 'బంగి' అని పేరు. మన 'భంగు'తో దానికి చుట్టరికం స్పష్టం. కాని ఆ ప్రయాణం గిరిమిట్ ఓడలకు వందల ఏళ్ళ ముందటిది. ఇథియోపియాలో లాలిబెలా అనే గుహలో దొరికిన 14వ శతాబ్దపు చిలుములలో గంజాయి మసి ఉన్నదని 1975లో ప్రకటించినారు. 1609లో అచ్చయిన పుస్తకంలో జువాఁవ్ దూస్ శాంతూస్ అనే పోర్చుగీసు పాదిరీ దక్షిణ ఆఫ్రికా ప్రజలు 'బాంగే' ఆకును పండించి నమలడం గురించి రాసినాడు. దక్షిణ ఆఫ్రికాలో వాడుకలో ఉన్న 'దగ్గా' అనే మాట ఖోయి జాతి వారిది. జూలూలు దానిని 'ఇన్సాంగు' అంటారు. 'ట్రూరో' ఓడ లంగరు వేసేనాటికి ఈ పేర్లన్నీ ఉన్నాయి, పంట ఉన్నది, పొగ తాగే పద్ధతులూ ఉన్నాయి. మన వారిలో ఎవరో ఒకరు మూటలో నాలుగు గింజలు తెచ్చి ఉండవచ్చును. ఆ నాలుగు గింజలకు చాలా ముందే ఆ నేల మీద దాని పంట ఉన్నది.

డర్బన్ అనే పేరు కూడా పొలం పేరు కాదు, రేవు పేరు. పంట పండేది తుగేలా లోయలలోనూ, జూలూ దేశపు కొండలలోనూ, ఇంకా దక్షిణాన పోండో వారి సీమలోనూ. బందరు రేవు నుండి పోయిన బట్టలకు బందరు పేరు వచ్చినట్లే ఇదీ. నేసిన ఊరు పెడన కావచ్చు, లోకానికి తెలిసినది రేవు పేరు. ఆ విత్తనాన్ని ఏటేటా ఏరి దాచినవారు ఆఫ్రికా రైతులు. వారిలో ఆడవారు చాలామంది. ఈ గౌరవం వారిది. దానిని మనము తీసుకోరాదు.

అయితే తూర్పు గోళార్థంలో మన పాత్ర ఇంత తక్కువైనా, కరిబియన్ దీవుల విషయం వేరు. జమైకాలో ఈ మొక్కకు గల పేరు 'గంజా'. ఆ మాట 1845 నుండి అక్కడికి వెళ్ళిన భారతీయ గిరిమిట్ కూలీల ద్వారానే చేరినది. జమైకా పాటల ద్వారా అది అమెరికాకు, లోకమంతటికీ పాకినది. మారిషస్ క్రియోల్‌లో 'గాంజా' అనకుండా 'గాంద్యా' అంటారు. అదీ మన ఓడల వెంట పోయిన మాటే.

చట్టంలో మన పేరు

విత్తనం మనది కాకపోయినా చట్టంలో మన పేరున్నది. పెద్దలు దాచదలచిన సిగ్గు వెనుక ఉన్నది ఈ సంగతే అని మాకు తోస్తున్నది. కాబట్టి దీనిని కొంచెం వివరంగా రాస్తున్నాము.

1870లో నటాల్ ప్రభుత్వం కూలీల చట్టాలన్నిటినీ ఒకచోట చేర్చి రెండవ నెంబరు చట్టాన్ని చేసినది. దానిలో 70వ విభాగం ప్రకారం ఏ కూలీ అయినా గంజాయి మొక్కలో ఏ భాగాన్నయినా పొగ తాగరాదు, వాడరాదు, దగ్గర ఉంచుకోరాదు. వారికి దానిని అమ్మరాదు, మార్పిడి చేయరాదు, ఊరికే ఇవ్వనూ రాదు. కూలీ అంటే ఇక్కడ భారతీయుడు. అదే మొక్క జూలూ గ్రామంలో వాడితే ఈ విభాగం వర్తించదు. ఈ నిషేధంలోని మాటలను జాగ్రత్తగా చూచినా విత్తనం సంగతి తేలిపోతుంది. కూలీకి అమ్మరాదు, మార్పిడి చేయరాదు, ఇవ్వరాదు అని రాయవలసి వచ్చినదంటే అమ్మేవాడు, ఇచ్చేవాడు పక్క ఊరిలోనే ఉన్నాడని గదా అర్థం!

ఎందుకు ఈ చట్టం? తోట యజమానికి కావలసినది చెరకు నరికే చేతులు. గంజాయి తాగినవాడు మరునాడు పనికి రాడని, వచ్చినా సరిగా పని చేయడని వారి ఫిర్యాదు. 1885లో నియమింపబడి 1887లో నివేదిక ఇచ్చిన రాగ్ కమిషన్ కూడా భారతీయ కూలీల గంజాయి వాడకం గురించి ప్రత్యేకంగా విచారించి, దానిని హానికరమైన అలవాటుగా ఎంచినది. వాడకం అసలు లేదని మేము అనము. సూర్యోదయం నుండి సూర్యాస్తమయం వరకు చెరకు తోటలో నడుం వంచినవాడు రాత్రి నొప్పి తెలియకుండా పడుకోవాలని చిలుము పట్టినాడు. కాని ఆ నొప్పికి కారణమైన పని గంటల మీద అంత కఠినమైన విభాగం రాసినవారు లేరు.

ఇది నటాల్‌కే పరిమితమైన సంగతి కాదు. మారిషస్‌లో 1840లోనే గంజాయిని నిషేధించినారు. జమైకాలో 1913లో నిషేధించినారు. గిరిమిట్ ఓడలు పోయిన చోటనల్లా ఈ చట్టాలు కూడా వెంట నడిచినవి.

కాలిఫోర్నియాలో 'హిందూలు'

ఇప్పుడు మళ్ళీ అమెరికాకు వస్తాము. ఈనాడు డర్బన్ పాయిజన్ సీసా అమ్ముతున్న కాలిఫోర్నియాలోనూ మొదటి చట్టం వెనుక భారతీయుల మాట ఉన్నదని మనలో చాలామందికి తెలియదు.

1900 తరువాత కొన్ని వేల మంది భారతీయులు అమెరికా పడమటి తీరానికి వెళ్ళి కలప మిల్లులలోనూ, రైలు మార్గాలలోనూ, పొలాలలోనూ పని చేసినారు. వారిలో ఎక్కువ మంది పంజాబు సిక్కులు, కొందరు ముస్లిములు. అక్కడి తెల్లవారు మాత్రం అందరినీ కలిపి 'హిందూలు' అన్నారు. వీరు గిరిమిట్ మీద పోయినవారు కారు. తమ ఖర్చుతో తాము పోయినవారు. అయినా వారికి జరిగిన మర్యాద మన వారికి తెలిసినదే. 1907 సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హాం పట్టణంలో తెల్ల కూలీల గుంపు వీరిని ఇళ్ళ నుండి లాగి ఊరు దాటించినది.

1911 జులైలో కాలిఫోర్నియా ఔషధ బోర్డు సభ్యుడు హెన్రీ ఫింగర్, మత్తు పదార్థాల అంతర్జాతీయ సభకు ఏర్పాట్లు చూస్తున్న హామిల్టన్ రైట్‌కు ఒక ఉత్తరం రాసినాడు. తమ రాష్ట్రానికి హిందూలు పెద్ద సంఖ్యలో వస్తున్నారనీ, వారివలన గంజాయికి గిరాకీ పుడుతున్నదనీ, ఆ అలవాటు తెల్లవారికి అంటుతుందేమోనని భయమనీ దాని సారాంశం. రెండేళ్ళు తిరగకుండానే, 1913లో, కాలిఫోర్నియా శాసనసభ గంజాయి మందులను నేరం చేసినది. ఏ చట్టాన్ని సవరించి? 'పాయిజన్ యాక్ట్' అంటే విషాల చట్టాన్ని. నటాల్‌లో కూలీల చట్టం, కాలిఫోర్నియాలో విషాల చట్టం: రెండింటి వెనుకా ఉన్నది భారతీయ కూలీని చూచి పుట్టిన అనుమానమే. 'డర్బన్', 'పాయిజన్' అనే రెండు మాటలు ఒక సీసా మీద పక్కపక్కన చూచినప్పుడు మాకు ఈ రెండు చట్టాలే జ్ఞాపకం వస్తాయి. పేరు పెట్టినవారికి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు, కాని మనకు తెలియవలెను.

తరువాతి చట్టాల వరుస ఇది. 1923లో దక్షిణ ఆఫ్రికా ప్రభుత్వం నానాజాతి సమితికి లేఖ రాసి గంజాయిని కూడా ప్రమాదకరమైన మత్తు పదార్థాలలో చేర్చమని కోరినది. 1925 జెనీవా ఒప్పందంలో 'ఇండియన్ హెంప్' అనే పేరుతో అది చేరినది. 1928లో దక్షిణ ఆఫ్రికా దేశమంతటా నిషేధించినది. 1937లో అమెరికా కేంద్ర ప్రభుత్వం పన్ను చట్టం రూపంలో అడ్డుకున్నది, 1970లో అతి కఠినమైన మొదటి జాబితాలో చేర్చినది. వీటన్నిటికీ ముందు, మేము పైన చెప్పిన 1893–94 కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించి, మితమైన వాడకం వలన చెప్పుకోదగ్గ హాని లేదనీ, అమితమైన వాడకమే హానికరమనీ తేల్చి ఉన్నది. ఆ మాటను జెనీవాలో వినిపించుకున్నవారు తక్కువ.

ఎవరికి శిక్ష, ఎవరికి లాభం?

1971లో దక్షిణ ఆఫ్రికా వర్ణ వివక్ష ప్రభుత్వం మరొక చట్టం తెచ్చినది. దాని ప్రకారం గంజాయి అమ్మకానికి మొదటి నేరానికే కనీసం 5 ఏళ్ళ జైలు. సరిగ్గా ఆ పదేళ్ళలోనే అక్కడి విత్తనం అమెరికా చేరి పేరు తెచ్చుకున్నది. పండించిన పోండో రైతు కటకటాల వెనుక ఉండగా, ఆయన విత్తనం సముద్రం దాటి పుస్తకాలకు ఎక్కినది.

అమెరికాలోనూ ఆ రోజులలో శిక్షలు లేకపోలేదు. 1983 నుండి హెలికాప్టర్లతో హంబోల్ట్ కొండలలో పంటలు నరికించినారు. కాని కాలం మారినది. 1996లో కాలిఫోర్నియా ప్రజలు వైద్యం కొరకు అనుమతించినారు. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు, 2016లో కాలిఫోర్నియా పెద్దలందరికీ అనుమతించినవి. 2018 జనవరి 1 నుండి కాలిఫోర్నియా దుకాణాలు తెరిచినవి. అదే ఏడు సెప్టెంబరు 18న దక్షిణ ఆఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం ఇంటిలో సొంత వాడకాన్ని నేరం కాదన్నది. 2024 మే నెలలో అధ్యక్షుడు రామఫోసా సంతకం చేసిన చట్టం కూడా సొంత వాడకానికే గాని అమ్మకానికి దారి ఇవ్వలేదు. అంటే డర్బన్ పేరు మీద కాలిఫోర్నియాలో వ్యాపారం చేయవచ్చును, ఆ చట్టం ప్రకారం డర్బన్‌లో చేయరాదు.

ఇంకొక సంగతి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఒక జిల్లాలో పండని గంజాయికి ఆ జిల్లా పేరు పెట్టి అమ్మరాదు. హంబోల్ట్ పేరు హంబోల్ట్ పంటకే. మన గుంటూరు సన్నం మిరపకు, తిరుపతి లడ్డుకు భౌగోళిక గుర్తింపు ఉన్నట్లు అన్నమాట. డర్బన్ పేరుకు మాత్రం అటువంటి కాపు లేదు. ఎవరైనా వాడుకోవచ్చును.

మన పూర్వీకుల జిల్లాలలో కూడా ఇదే కథ మరొక రూపంలో నడుస్తున్నది. విశాఖ మన్యంలో 'శీలావతి' అనే గంజాయి రకం పేరు పడినది. 1985 నుండి భారతదేశంలో కఠినమైన చట్టం ఉన్నది. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో అక్కడి తోటలను నరికించి తగులబెట్టినారు. గట్టి కష్టం, కేసు భయం గిరిజన రైతువి. పెద్ద లాభం దూరాన కూర్చున్న వ్యాపారిది. తుగేలా లోయ రైతుకూ మన్యం రైతుకూ భాష వేరు గాని బ్రతుకు వేరు కాదు.

యువకులకు ఒక మాట

ఈ వ్యాసం గంజాయికి ప్రచారం అని ఎవరూ అనుకోరాదు. తాతలు తాగినారు గదా అని ఈనాటి సీసాను తీసుకోవడం తెలివి కాదు. అమెరికా పోలీసులు పట్టుకున్న సరుకును ఏటేటా పరీక్షించే మిసిసిపీ విశ్వవిద్యాలయం లెక్కల ప్రకారం టీ.హెచ్.సీ. 1995లో సుమారు 4 శాతం ఉండగా 2014 నాటికి సుమారు 12 శాతమైనది. దుకాణపు సరుకు అంతకంటే ఘాటు. ఎదుగుతున్న వయస్సులో తరచుగా వాడిన పిల్లలకు మతిభ్రమణం కలిగే అవకాశం పెరుగుతుందని వైద్యులు హెచ్చరిస్తున్నారు. బండి నడిపేవారికీ, గర్భిణులకూ ఇది తగదు. తాత నొప్పికి పట్టిన చిలుమూ, మనుమడు సరదాకు కొన్న సీసా ఒకటి కావు.

పెద్దలకు కూడా ఒక మనవి. తెలుగు తరగతులలో మనమందరమూ 'గంజాయి తోటలో తులసి మొక్క' అనే సామెతను నేర్చుకున్నవారమే. తోట యజమానులు మన బ్యారకులను గంజాయి తోటలుగానే చూచినారు, ఆ చూపునే చట్టంగా రాసినారు. వారి చూపును మనము మన సిగ్గుగా మోయవలసిన అవసరం లేదు. చట్టం చేయడం కూలీ తప్పు కాదు.

కాబట్టి పిల్లలు అడిగినప్పుడు ఇట్లు చెప్పండి. పేరు రేవుది. విత్తనం ఆఫ్రికా రైతుది. చట్టంలో రాసిన పేరు మన పూర్వీకులది. లాభం అమెరికా వ్యాపారిది. ఈ నాలుగు మాటలలో ఏ ఒక్కటి వదిలినా చరిత్ర తప్పుతుంది.

1870 చట్టం 70వ విభాగం కింద జరిమానా కట్టిన, జైలుకు పోయిన మన వారి జాడలు పాత కుటుంబాల కాగితాలలో ఇంకా ఉండవచ్చును. కోర్టు రసీదులు గాని, ఎస్టేటు చిట్టాలు గాని, అవ్వలు తాతలు చెప్పిన సంగతులు గాని ఉన్నవారు ఒక ప్రతిని ఈ పత్రికకు పంపగలరని కోరుతున్నాము. పేర్లు దాచమంటే దాచగలము. తారీఖులు మాత్రం దాచకుండా అచ్చు వేస్తాము.